తేదీ దిద్దడానికి

ఉద్యోగం కాగితం వెనక్కి తేవడానికి మగవాణ్ణి పంపితే ఆ ఇంట్లోవాళ్లకి అనుమానం వస్తుందని అనూరాధని పంపారు.

ఆ సంగతి మేనేజరు అర్జునరావు దాచుకోకుండానే చెప్పాడు. గురువారం పొద్దున్న, పదిన్నర టీ వచ్చిన వేళ, ఆమెని తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"నువ్వు టైపు చేసిన లెటరే కదమ్మా. ఆడపిల్లవి, నువ్వు వెళ్తే మర్యాదగా ఉంటుంది. తేదీ తప్పు పడింది, దిద్ది సోమవారం చేరేటప్పుడు చేతికిచ్చేస్తామని చెప్పు. అంతే."

"నిజంగా తప్పు పడిందాండీ?"

అర్జునరావు టీ మీద కట్టిన మీగడని వేలితో తీసి గ్లాసు అంచుకి రాశాడు. "హైదరాబాదులో మనకి పెద్ద ఆర్డర్లిచ్చే ఆయన తాలూకు మనిషొకడున్నాడు. లేత్ మిషను మీద పెట్టమన్నారు. ఎం.డి. గారు కాదనలేకపోయారు. మనకి ఉన్నదా ఒక్క టర్నరు పోస్టు."

"ఆ నజీర్ గారు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టి రిజిస్టరు పోస్టులో పంపారు కదండీ. మొన్న సోమవారమే ఇన్‌వర్డు పుస్తకంలో ఎక్కించేను."

"ఎక్కిస్తే ఎక్కించావు. ఆ పుస్తకం మనదే కదా!" అని నవ్వాడాయన. "చేరకముందు ఉద్యోగమేంటమ్మా? గేటు లోపల కాలుపెట్టి, హాజరుపట్టీలో పేరు పడితేనే ఉద్యోగం. లెటరు మన చేతికొచ్చేసిందంటే అసలేమీ లేనట్టే. వెళ్లిరా. మధ్యాహ్నం మళ్లీ రానక్కర్లేదులే, అటునుంచటే ఇంటికెళ్లిపో."

సగం రోజు సెలవు. అది వినగానే మనసులో ఒక మూల చిన్న సంతోషం కలిగింది అనూరాధకి. ఆ తర్వాత చాలా రోజులు ఆమెను కాల్చింది ఆ సంతోషమే.

ఆటోనగర్ చివర రేకుల షెడ్డూ, ముందు మూడు గదుల ఆఫీసూ ఉన్న ఆ కంపెనీలో ఆమె ఆరేళ్లుగా టైపిస్టు. అర్జునరావు చెప్పిన పనికి ఎదురు చెప్పడం ఆమెకి అలవాటు లేదు. నజీర్‌ని ఆమె ఒకసారే చూసింది, జులైలో పనితనం పరీక్ష పెట్టిన రోజు. ఇంటర్వ్యూకని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మనిషి, లేత్ దగ్గరికెళ్లగానే చేతులు పైకి మడిచి, ముందు యంత్రాన్ని గుడ్డతో తుడిచాడు. షాఫ్టు ముక్క తిప్పి ఇచ్చాక ఫోర్‌మన్ దాన్ని మైక్రోమీటరుతో మూడుచోట్ల కొలిచి, ఏమీ అనకుండా పక్కవాడికి చూపించాడు. ఆ సాయంత్రమే ఆమె చేత లెటరు టైపు చేయించారు.

పాతపోస్టాఫీసు దగ్గర బస్సు దిగేసరికి ఎండ మాడుతోంది. పోర్టు వైపునుంచి ఎర్రటి దుమ్ము గాల్లో పైకి లేచి, గోడల మీదా ఆరేసిన బట్టల మీదా వాలుతోంది. అడుగుతూ అడుగుతూ సందులోపల సందులోకి వెళ్లింది. పచ్చ కర్టెను వేలాడుతున్న గుమ్మం ముందు నిలబడి పిలిస్తే, కుట్టుమిషను చప్పుడు ఆగి ఒకావిడ బయటికొచ్చింది. నజీర్ భార్య గౌసియా.

"కంపెనీ నుంచాండీ? రండి రండి. ఆయన లేరు, బూట్లు కొనుక్కోడానికెల్లేరు. ఇనప ముక్కలు పడితే కాలు పోకుండా గట్టివి ఉండాలంట గదా మీ కాడ. ఇన్నేళ్లూ సెప్పుల్తోనే సేసేరు."

"నేను కూర్చోనండీ, తొందరగా..."

"బాగుందేటి! ఆడమనిషి ఇంతెండలో ఒచ్చి నిలబడి ఎల్లిపోతారేటి?" అని మిషను మీదున్న చీర మడిచి పక్కన పెట్టి, స్టూలు చీరకొంగుతో తుడిచింది. టీ పెట్టింది. పెడుతూ చెప్పుకుంటూ పోయింది. పడవల ఇంజన్లు బాగుచేసే రఫీ భాయ్ షెడ్డులో పద్దెనిమిదేళ్లు పని. మొన్న శుక్రవారం మానేసేరు. రఫీ భాయ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, కానీ కాదనలేదు. 'మాకు లేని పీఎఫ్ నీకొస్తాది, పో' అన్నాడు. ఆ లేత్ మీద అప్పుడే వేరే మనిషిని పెట్టీసేడు. మరి పడవలు ఆగవు కదా.

అనూరాధ టీ గ్లాసు కింద పెట్టింది. "లెటర్లో తేదీ తప్పు పడిందండీ. దిద్ది సోమవారం ఇచ్చేస్తాం," అంది. మాట సాఫీగా వచ్చింది. దారిపొడుగునా బస్సులో అనుకుంటూ వచ్చిన మాటే.

గౌసియా మంచం కింది ట్రంకుపెట్టె లాగి, రేషన్‌కార్డూ లెటరూ కలిపి ఉంచిన ప్లాస్టిక్ కవరు తీసింది. లెటరు ఇవ్వబోతూ ఒక్క క్షణం ఆగింది.

"అందినట్టు ఏదయినా రాసి ఇత్తారేటండీ?" అంది. వెంటనే తనే సిగ్గుపడిపోయింది. "ఛ, ఏటి అడుగుతన్నాను. ఏటనుకోకండేం. మీరు రాసిన కాగితమే మీకిత్తన్నాను."

అనూరాధ లెటరుని మడత నలక్కుండా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. సందు చివర్న వెనక్కి తిరిగి చూస్తే గౌసియా ఇంకా గుమ్మంలోనే ఉంది. దారి తప్పకుండా వెళ్తోందో లేదో చూస్తోంది.

మర్నాడు లెటరు తెచ్చానని చెప్తే అర్జునరావు తలెత్తకుండానే, "మంచిది. దాన్నీ, వాడు పంపిన ఒప్పుదలనీ చింపి పారెయ్. ఇన్‌వర్డులో ఆ లైను మీద వేరే ఏదైనా రాసెయ్," అన్నాడు. ఆమె ఇన్‌వర్డులో 'స్టేషనరీ బిల్లు' అని దిద్దింది. కాగితాలు రెండూ చేతిలో పట్టుకుని చెత్తబుట్ట దాకా వెళ్లింది. చింపడానికి చేతులు రాలేదు. బుట్టలో పడేస్తే ఎవరైనా చూస్తారని భయం. చివరికి మళ్లీ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకుంది. అది ధైర్యం కాదని ఆమెకి తెలుసు.

సోమవారం ఎనిమిదికి పది నిమిషాలుండగానే నజీర్ వచ్చాడు.

కొత్త బూట్లు నేల మీద చప్పుడు చేస్తుంటే, తన చప్పుడుకి తనే మొహమాటపడుతున్నట్టు మెల్లగా అడుగులేస్తూ వచ్చాడు. చేతిలో మూడు గిన్నెల కేరేజీ. అర్జునరావు అతన్ని లోపలికి పిలవలేదు. తనే బయటికొచ్చి అనూరాధ టేబులు పక్కన నిలబడ్డాడు.

"ఎవరు కావాలి?"

"నజీరండి. టర్నర్ని. ఇయాళ జాయినవ్వాలి."

"పోస్టు నిండిపోయింది కదయ్యా. నీకెవరు చెప్పారు రమ్మని?"

నజీర్‌కి సరిగ్గా వినబడలేదేమో, నవ్వాడు. "లెటరిచ్చేరు కదండీ. నాను ఒప్పుకుని రిజిస్టరు పోస్టు కూడా సేసేను."

"ఏ లెటరు? ఏదీ, చూపించు."

"తేదీ దిద్దాలని మొన్న మీ మేడమే మా ఇంటికొచ్చి పట్టుకెల్లేరు కదండీ," అని నజీర్ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. తన మాటకి సాక్ష్యం ఎదురుగానే కూర్చుని ఉందన్న ధీమా ఉంది.

"ఏమ్మా? నువ్వెళ్లావా వీళ్లింటికి?" అన్నాడు అర్జునరావు.

షెడ్డులోకి వెళ్లే పనివాళ్లు నలుగురైదుగురు హాజరు వెయ్యడానికి వచ్చి గుమ్మంలో ఆగారు. అనూరాధ టైపు మిషనులో కాగితం ఎక్కిస్తోంది. అంచులు కలిశాయో లేదో చూసింది. కలిసే ఉన్నాయి. మళ్లీ చూసింది.

"నాకు తెలీదండి," అంది.

నజీర్ అరవలేదు. తిడతాడనుకుంది ఆమె, తిట్టలేదు. "మా ఇంటిది టీ ఇచ్చిందంటే..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. ఆ మాట అక్కడ చెల్లదని అర్థమయినట్టుంది. కేరేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వెళ్లిపోయాడు. బూట్ల చప్పుడు గేటు దాకా వినిపించింది.

ఆ రోజు అనూరాధ తెచ్చుకున్న అన్నం డబ్బా విప్పలేదు. తనని చూసి ఎవరూ ఏమీ అనలేదు. అటెండరు చిట్టెమ్మ మాత్రం, ఎప్పుడూ టేబులు మీద పెట్టే మంచినీళ్ల గ్లాసుని టేబులుకి ఓ మూల, ఆమె చెయ్యి చాస్తే గాని అందనంత దూరంలో పెట్టి వెళ్లింది. కావాలని పెట్టిందో, కాదో.

గోపాలపట్నంలో ఆమె అద్దెకుండే ఇంటి పైవాటాలో శ్రీరామ్మూర్తి అని వయసు మళ్లిన ప్లీడరు ఉన్నాడు. మంగళవారం సాయంత్రం ఆయన పెరట్లో మొక్కలకి నీళ్లు పోస్తుంటే దగ్గరికెళ్లి నిలబడింది.

"మా ఫ్రెండు ఆఫీసులో జరిగిందండీ..." అని మొదలుపెట్టింది.

ఆయన చెంబు కింద పెట్టకుండానే అంతా విన్నాడు. "వీళ్లు ఉద్యోగమిస్తామని కాగితమిచ్చారు. జీతమెంతో, ఎప్పుడు చేరాలో అందులో ఉంది. అతను ఒప్పుకున్నానని సంతకం పెట్టి పోస్టులో వేశాడు. అంతేనా? అయితే ఆ కవరు పోస్టుమాస్టరు చేతిలో పడ్డప్పుడే వీళ్లు కట్టుబడిపోయారు. ఇంకా గేటేమిటి, హాజరేమిటి? పైగా అతను దీన్ని నమ్మి ఉన్న పని మానుకున్నాడు."

"మరి తప్పుకోకూడదాండీ?"

"తప్పుకోవచ్చు. ఇదిగో తప్పుకుంటున్నాం, నీకు జరిగిన నష్టమిది అని పదిమందిలో ఒప్పుకుని తప్పుకోవచ్చు. అసలు ఇవ్వనేలేదనడం తప్పుకోవడం కాదమ్మా, దొంగతనం." చెంబు కింద పెట్టాడు. "ఆ కాగితం ఇప్పుడెవరి దగ్గరుంది?"

"తెచ్చిన మనిషి దగ్గరేనండి."

ఆయన కళ్లజోడు మీదుగా ఆమెని చూశాడు. "ఆ మనిషి పేరు నాకు చెప్పకు. చెప్పవలసిన చోట చెప్పమను," అని మళ్లీ చెంబు ముంచాడు.

బుధవారం ఆఫీసుకి సెలవు చీటీ పంపి పాతపోస్టాఫీసు బస్సెక్కింది. రాత్రంతా అనుకున్నది ఒకటే. కాగితాలు ఇచ్చెయ్యాలి, తప్పయిపోయిందనాలి, వచ్చెయ్యాలి. అయిదు నిమిషాల పని.

పచ్చ కర్టెను పక్కకి తప్పుకుంది. ఈసారి రండి అనలేదు గౌసియా. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మళ్లీ ఏటి దిద్దాల?" అంది.

అనూరాధ హ్యాండ్‌బ్యాగు తెరిచి కాగితాలు రెండూ తీసి చాచింది. గౌసియా వాటిని అందుకోలేదు. "ఏమండీ," అని లోపలికి కేకేసింది.

నజీర్ బయటికొచ్చాడు. చేతుల నిండా తుప్పు మరకలు, గోళ్ల సందుల్లో పాత రంగు పొలుసులు. రెండ్రోజులుగా హార్బరులో ఒడ్డుకి లాగిన పడవల అడుగు గీకే పనికి వెళ్తున్నాడు. షాఫ్టుని వెంట్రుకవాసి తేడా లేకుండా తిప్పే చేతులు. వాటిని లుంగీకి తుడుచుకుని కాగితాలు పట్టుకుని, ముందు తన సంతకం చూసుకున్నాడు.

"తప్పయిపోయిందండీ," అంది అనూరాధ. "వాళ్లు చింపెయ్యమన్నారు. నేను చింపలేదు."

అన్నాక ఆ రెండో మాట ఎందుకన్నానా అనిపించింది. మెచ్చుకోమన్నట్టుంది.

నజీర్ కాగితాలు మడిచాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఇది ఇచ్చీసినంత మాత్రాన ఏటవుద్దండి? నాను పట్టుకెల్తే, ఇది మా ఆఫీసులోంచి దొంగిలించేవంటారు. అందరి ముందూ మీరు నాకు తెలీదన్నారు. ఆ మాట అక్కడే ఉంది కదా."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

జవాబు గౌసియా చెప్పింది. లోపలికెళ్లి, కుట్టుపని కొలతలు రాసుకునే నోటుపుస్తకం తెచ్చి, వెనక నుంచి తెల్ల కాగితం ఒకటి చింపింది. దాని మీద పెన్ను పెట్టి ఇచ్చింది.

"ఆ రోజు నాను అడిగి, సిగ్గుపడి మానీసేను. ఇయాళ సిగ్గుపడను. రాయండి. ఎప్పుడొచ్చేరు, ఏటి సెప్పేరు, ఎవలు పంపేరు."

కూర్చోమని ఎవరూ అనలేదు. అనూరాధ గోడకి కాగితం ఆనించి రాసింది. సున్నం గరుకుకి పెన్ను దిగబడి అక్షరాలు గతుకులుగా వచ్చాయి. రోజుకి ఇరవై ఉత్తరాలు కొట్టే మనిషి. వాటన్నిటి కిందా ఎవరో ఒకరి పేరుంటుంది, తన పేరు ఎప్పుడూ ఉండదు. 'మేనేజరు గారు చెప్పగా' దాకా తేలిగ్గా రాసింది. 'నేను అబద్ధం చెప్పి' అన్న దగ్గర చెయ్యి ఆగింది. 'పొరపాటున' అని రాద్దామా అనిపించింది. వెనకాల నుంచి గౌసియా ఊపిరి వినిపిస్తోంది. చివరికి 'నేను అబద్ధం చెప్పి తీసుకువచ్చితిని' అనే రాసి, పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా సంతకం పెట్టింది.

"గోపాలపట్నంలో శ్రీరామ్మూర్తి గారని ప్లీడరున్నారండి. మంచాయన," అంది పెన్ను తిరిగిస్తూ.

గౌసియా పెన్ను అందుకుని పుస్తకం మూసింది. ఆమె సందు దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే గుమ్మంలో ఎవరూ ఉండరని తెలుసు.

గురువారం, శుక్రవారం ఆఫీసుకి మామూలుగానే వెళ్లింది. శనివారం నజీర్ తరఫున శ్రీరామ్మూర్తిగారి నోటీసొచ్చింది. కవరు చించి, తేదీ ముద్ర వేసి, ఇన్‌వర్డులో ఎక్కించింది అనూరాధే. తన చేతిరాత జిరాక్సు తనే పిన్ను సరిచేసి అర్జునరావు టేబులు మీద పెట్టి వచ్చింది. లోపల్నుంచి అరుపు వస్తుందనుకుంది. రాలేదు. అరగంట తర్వాత ఆయన ఎం.డి. గారి గదిలోకి వెళ్లి, మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. వ్యవహారం కోర్టుకెక్కితే హైదరాబాదాయన పేరు బయటపడుతుంది, ఆయనకది ఇష్టముండదు. ఆయన మనిషిని డ్రిల్లింగు మిషను మీద పెట్టుకుందాం, ఈ నజీర్‌ని రమ్మనండి అని తేల్చారు.

సోమవారం ఎనిమిదింటికి నజీర్ వచ్చాడు. వెంట, నల్ల బురఖాలో గౌసియా.

"కొత్త లెటరు కొట్టమ్మా," అన్నాడు అర్జునరావు అనూరాధ మొహం చూడకుండా.

ఆమె కొట్టింది. ఒక్క తప్పు లేకుండా కొట్టాలని ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. అర్జునరావు సంతకం చేశాక నజీర్ ముందు పెట్టి, "ఇక్కడ సంతకం పెట్టండి," అని వేలితో చూపించింది.

నజీర్ పెన్ను తీసుకోలేదు. కాగితం భార్య చేతికిచ్చాడు.

గౌసియా టెన్త్ దాకా చదివింది. కుర్చీ ఎవరూ ఇవ్వలేదు, అడగలేదు కూడా. టేబులు మీదికి వంగి, చూపుడువేలు కాగితం మీద ఆనించి, ఒక్కో ఇంగ్లీషు మాటా కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. తెలియని మాట దగ్గర ఆగి, "ఇదేటి?" అని అడిగేది. అడిగేది అర్జునరావుని. టైపు చేసిన మనిషి పక్కనే ఉన్నా ఆమె వైపు తిరగలేదు. అర్జునరావుకి ఓపిక నశిస్తున్నా చెప్పక తప్పలేదు. హాజరుకి వచ్చినవాళ్లు గుమ్మంలో ఆగి విన్నారు. తేదీ దగ్గరకి వచ్చినప్పుడు గౌసియా వేలు ఆగిపోయింది. గోడ కేలండరు చూసి, మళ్లీ కాగితం చూసి, వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆ నిమిషంసేపు అనూరాధ తన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో దాచుకుంది.

"సరిగ్గానే ఉంది. పెట్టండి," అంది గౌసియా భర్తతో.

ఫోర్‌మన్ వచ్చి నజీర్‌ని షెడ్డులోకి తీసుకెళ్లాడు. గౌసియా లెటరుని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వెళ్లిపోయింది. అప్పుడు అర్జునరావు అనూరాధ టేబులు మీదికి వంగాడు. గొంతులో కోపం కూడా లేదు.

"నువ్వు కూడా వెళ్లమ్మా ఇంక. రేపట్నుంచి రానక్కర్లేదు. నీకు కంపెనీ ఇచ్చిన లెటరంటూ ఏదీ లేదు కదా, వెనక్కి తీసుకునే బాధ కూడా లేదు."

నిజమే. ఆరేళ్లలో నలభైమందికి లెటర్లు కొట్టింది. తనకొకటి కొట్టుకోవాలని తోచలేదు. కాగితం లేకపోయినా ఆరేళ్ల హాజరుంది, శ్రీరామ్మూర్తిగారిని అడగాలి అనుకుంది. అనుకుంటూనే డ్రాయరులో దువ్వెనా, బామ్ సీసా తీసుకుని టైపు మిషనుకి గుడ్డ కప్పింది.

బస్టాపులో గౌసియా ఇంకా నిలబడే ఉంది. ఇద్దరూ ఎక్కవలసిన బస్సు ఒకటే. ఆడవాళ్ల సీట్లలో ఖాళీ ఒక్కచోటే, ఇద్దరికి. గౌసియా కిటికీ పక్కకి జరిగింది. అనూరాధ అంచున కూర్చుంది. బస్సు షీలానగర్ దాటింది.

"మీకు డూటీ సాయంత్రం దాకా కదా," అంది గౌసియా ఉన్నట్టుండి. "ఇప్పుడెల్లిపోతన్నారేటి?"

జవాబు నాలిక చివర ఉంది. నన్ను తీసేశారండీ అంటే చాలు, గౌసియా మొహం మారిపోతుంది. అయ్యో అంటుంది. మా గురించేనా అంటుంది. చెయ్యి కూడా పట్టుకుంటుందేమో. ఆ 'అయ్యో' కోసం తను ఎంత మొహం వాచి ఉందో అనూరాధకి అప్పుడే తెలిసింది.

"తలనొప్పిగా ఉందండి," అంది. "సెలవు పెట్టేను."

గౌసియా కాసేపు ఆమెని చూసింది. "ఎండల మరి," అని కిటికీలోంచి బయటికి చూడసాగింది.

ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గర అనూరాధ దిగడానికి లేచింది. గౌసియా వెనకనుంచి పిలిచింది.

"ఇదిగో, సాయంత్రం ఎన్నింటికొదుల్తారు ఆయన్ని?"

"అయిదున్నరకండి," అంది అనూరాధ. ఫుట్‌బోర్డు మీదికి అడుగేసి, మళ్లీ వెనక్కి తిరిగింది. "నిజంగానే అయిదున్నరకండి."

ఆ రెండో మాట ఎవరూ అడగలేదు. గౌసియా తలూపింది. కండక్టరు విజిలేశాడు.